వెనక లైటు

సాయంత్రం మిల్లు సైరను సంగు కూసింది. షిఫ్టు దిగినవాళ్ళు తలల్లో దూది పీచుతోనే సైకిళ్ళూ మోపెడ్లూ తోసుకుంటూ సత్రపట్టి రోడ్డు నిండా పోతున్నారు. ఆ వేళకు నల్ల అంబాసిడర్ ఒకటి వచ్చి భాగ్యం షెడ్డు ముందు ఆగింది. దాన్ని చూసి పోయేవాళ్ళు కూడా కాస్త నెమ్మదించారు. మిల్లు యజమాని, ముదలాళి హరికృష్ణన్ ఇంటి బండి అది. ఆ ఇంట్లో కొత్త కార్లు ఎన్ని వచ్చినా, పెండ్లికొడుకో పెండ్లికూతురో మండపానికి బయలుదేరేది మాత్రం ఈ ముసలి బండిలోనే. తక్కిన రోజుల్లో దుప్పటి కప్పుకుని షెడ్డులో నిద్రపోతూ ఉంటుంది.

భాగ్యం ఒక లోడ్ ఆటో హెడ్‌లైటు విప్పుకుని కూర్చుని ఉంది. బ్యాండేజీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేచింది. సత్రపట్టి మగ్గాల దగ్గర పనికిరాదని తీసేసే బ్యాండేజీ గుడ్డే ఆ రోడ్డు అంగళ్ళన్నిటికీ చెయ్యి తుడిచే గుడ్డ.

డ్రైవరు సౌందరరాజన్ దిగి వెనక తలుపు తీశాడు. హరికృష్ణన్ తల్లి ధనం లోపలినుంచి ఒక కాలు కింద పెట్టింది. రెండో కాలిని మోకాలి కింద రెండు చేతులా పట్టుకుని, నిండు బిందెను దించినట్టు దించింది. తలుపు ఆసరాగా లేచి నిలబడి షెడ్డు మీది బోర్డు చూసింది. 'రామలింగం ఆటో ఎలక్ట్రికల్' అని ఉంది.

"రామలింగం భార్యవి నువ్వే గదా?"

"నేనేనమ్మా."

"ఇప్పుడు పని చేసేదీ నువ్వే గదా?"

"నేనేనమ్మా. ఆయన పోయినప్పటినుంచి."

"సరి. ఈ బండి వెనక్కి పోయేటప్పుడు వెనకాల ఒక తెల్ల లైటు వెలగాల. కొత్త బండ్లకంతా ఉండాది గదా, అట్ల. డ్రైవరు వెయ్యకుండా, గేరు వేస్తే దానంతట అదే వెలగాల."

సౌందరరాజన్ నవ్వబోయాడు. "చూడమ్మా భాగ్యం, మా తాత వయసు బండి. దీనికి ఇప్పుడు రివర్సు లైటు. నేను చెప్తే అమ్మ వింటేనా?"

"నువ్వు చూసి నడిపింటే నేను ఎందుకు అడుగుతాను సౌందరం?" అంది ధనం.

అతని నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది. బండి అద్దం తుడవడానికన్నట్టు అటు తిరిగాడు.

భాగ్యం స్టూలు వేసింది. ధనం కూర్చోలేదు. నిలబడే చెప్పింది. పోయిన ఏడు మనవడి కల్యాణం. బండి ముందర ముత్తైదువులు హారతి పళ్ళెంతో నిలబడ్డారు. మొగుడు పోయినవాళ్ళు ఎదురు రాకూడదని ఆవిడనూ, ఇంకో ఇద్దరు చుట్టాలనూ బండి వెనక్కి పొమ్మన్నారు. ముందరి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వాటిమీద ఎక్కాల్సిన బండి వెనక్కి ఎగిరింది. స్టీరింగు పక్కన ఉండే గేరు కడ్డీ అది. ఫస్టుకీ రివర్సుకీ నడుమ వేలెడు దూరం లేదు.

"మోకాలి చిప్ప విరిగింది. విరిగితే విరిగిందిలే, ముసలి ఎముక. ఆస్పత్రికి వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే మాట. 'బండి వెనకాల ఎందుకు నిలబడినావు?' అని. నిలబెట్టినోళ్ళే అడిగినారే భాగ్యం. నన్ను నిలబెట్టినోళ్ళే."

ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటారే, అట్లా. ఆ చోటు భాగ్యానికీ తెలుసు. ఆ ఇంట్లో బండి వెనక. తన చెల్లెలి ఇంట్లో సామాన్ల గది గుమ్మం. ఇంకో ఇంట్లో వంటవాళ్ళ పందిలి. ప్రతి ఇంట్లోనూ అట్లాంటి చోటు ఒకటి ఉంటుంది. ఎవరూ వేలు పెట్టి చూపించరు. కాళ్ళే నేర్చుకుంటాయి.

"రేపు సాయంత్రానికి ముగిస్తానమ్మా," అంది.

"శుక్రవారం తెల్లారి నా మనవరాలు శివరంజని బయలుదేరుతుంది. బండి కదిలే ముందర పని చేసినవాళ్ళు వచ్చి తాంబూలం తీసుకోవాల. మా ఇంటి వాడుక నీకు తెలుసు గదా."

ఎందుకు తెలియదు? బండిని సిద్ధం చేసిన చేతికి, బండి ముందరే, వచ్చినవాళ్ళందరూ చూస్తుండగా తాంబూలం ఇస్తారు. తమలపాకులు, వక్క, టెంకాయ, ఒక పంచె. రామలింగం ప్రతిసారీ తీసుకునేవాడు. ఆ పంచెకంటే దాన్ని చూసే కళ్ళు ముఖ్యం. ఊళ్ళో మిల్లులవాళ్ళందరూ ఆ వాకిట్లో ఉంటారు. తాంబూలం తీసుకున్నవాడి అంగడికే వాళ్ళ లారీలు, వ్యాన్లు, కార్లు వచ్చేవి. రామలింగం పోయాక ఆ బండ్లు ఒకటొకటిగా తగ్గాయి. ఇప్పుడు లోడ్ ఆటోలూ, టౌను బస్సులూ, పల్లెటూరి ట్రాక్టర్లూ మిగిలాయి.

'పని చేసినవాళ్ళు' అంది ధనం. ఎవరో చెప్పలేదు. బండిని షెడ్డు దగ్గరే వదిలి, మళ్ళీ కాలిని రెండు చేతులా ఎత్తి అటు పోయే షేర్ ఆటోలో పెట్టుకుని, సౌందరరాజన్‌ను పక్కన ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

*

గురువారం పొద్దున భాగ్యం బానెట్టు ఎత్తి, స్టీరింగు కడ్డీ అడుగుభాగం దాకా తల దూర్చింది. గేరు కడ్డీ కింద రెండు ఇనుప చేతులు ఉన్నాయి. ఒకటి ఏ గేరు వేసినా కదులుతుంది. రెండోది మాత్రం రివర్సు వేసినప్పుడు ఇంకాస్త లోపలికి జరుగుతుంది. ఆ కాస్తలోనే స్విచ్చి కూర్చోవాలి. చెయ్యి వచ్చి స్విచ్చి మొనను నొక్కాలి, నొక్కితే కరెంటు పారాలి, వదిలితే ఆగాలి. చెప్పడానికి ఇంతే.

స్విచ్చి పట్టుకోవడానికి ఆ బండిలో చోటు లేదు. చేసినవాళ్ళు అనుకోని పని కదా. పాత బ్యాటరీ పెట్టె రేకు కత్తిరించి, బెంచీ వైసులో బిగించి సుత్తితో మూలగా వంచింది. రెండు రంధ్రాలు వేసి, వాటిని ఆకురాయితో కొంచెం పొడుగ్గా సాగదీసింది. గుండ్రటి రంధ్రమైతే బిగించిన చోటే ఉంటుంది. పొడుగు రంధ్రమైతే ముందుకూ వెనక్కూ జరిపి చూసుకోవచ్చు. రేకు పదునైన అంచులన్నీ ఆకురాయితోనే అరగదీసి, వేలితో తడిమి చూసింది. వేలికి గుచ్చుకుంటే రేపు వైరుకూ గుచ్చుకుంటుంది.

బండి తలుపు పక్కన నేల మీది చాప ఎత్తి వైరు వెనక్కి లాగుతూ సగం బండిలో, సగం బయట ఉన్నప్పుడు వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. హరికృష్ణన్ దిగి రోడ్డు అంచునే నిలబడ్డాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫోను. గొంతు పెంచే మనిషి కాదు.

"అమ్మ నీ దగ్గరే ఇచ్చిందా భాగ్యం? నేను ఉదయకుమార్ చేస్తా ఉండాడేమో అనుకున్నాను."

ఉదయకుమార్ రామలింగం తమ్ముడు. పాత బస్టాండు దగ్గర ఒక వర్క్‌షాపులో పని. అన్న బోర్డు కింద తాను కూర్చుంటాననీ, వదినె ఇంట్లో ఉంటే మరియాదగా ఉంటుందనీ ఏడాదిగా చెబుతున్నాడు.

"అంగడి నాది గదయ్యా. నేనే చేస్తా ఉండాను," అంది భాగ్యం, చాప మీదినుంచి లేవకుండానే.

"చూడమ్మా, నేను ఇదంతా నమ్మేవాణ్ణి కాదు. నీ పని మీద నాకేమీ లేదు. పెండ్లికూతురు ఎక్కే బండి. మంచి కార్యం. సంబంధం వాళ్ళు ఉండారు, ఇంట్లో ఆడవాళ్ళు ఉండారు. తర్వాత ఏదైనా చిన్నది జరిగినా ఒక మాట వస్తుంది. నీకే వస్తుంది ఆ మాట. ఉదయన్‌కు ఫోను చేసినాను, వస్తా ఉండాడు. వాడు ముగిస్తాడు."

భాగ్యం వైరు కొస చేతికి చుట్టుకుని లేచి నిలబడింది. 

"లారీకి చేస్తే ఈ చెయ్యి మంచిదే గదయ్యా?"

"అది వేరే."

"తళవాయిపురం బస్సుకు పోయిన నెల లైట్లన్నీ నేనే వేసినాను. ఆ బస్సులో కల్యాణానికి పోయేవాళ్ళు ఎక్కలేదా? పిల్లకు చెవులు కుట్టించేదానికి పోయేవాళ్ళు ఎక్కలేదా? వాళ్ళకేమైంది?"

"అది వేరే భాగ్యం."

"ఎట్ల వేరేనో చెప్పండయ్యా. తెలుసుకుంటాను."

అతను ఫోను చూసుకున్నాడు. అందులో జవాబు ఉన్నట్టు కాసేపు చూసి, జేబులో పెట్టుకున్నాడు. అంతలో ఉదయకుమార్ బండి వచ్చి ఆగింది. సీటు కింద పనిముట్ల సంచి ఉంది. ముదలాళికి దండం పెట్టి, వదినె ముఖం చూసి, సంచి తీయాలా వద్దా అని అట్లే నిలబడ్డాడు.

"ముదలాళికి బండి కావాలంటే తీసుకుపోనీ," అంది భాగ్యం మరిదితో. "చాప ఎత్తి ఉండాది, బానెట్టు తీసి ఉండాది. తోసుకుని పోవచ్చు. ఈ షెడ్డులో ఉన్నంతసేపు నా చెయ్యే పడుతుంది."

హరికృష్ణన్ నిట్టూర్చాడు. బేరం తెగని చోట ఇంకో మెట్టు దిగే వ్యాపారి నిట్టూర్పు అది. "సరి. నువ్వే ముగించు. కానీ చేసింది ఉదయన్ అనే ఉండనీ. రేపు తాంబూలానికి వాడే వస్తాడు. నువ్వు శ్రమపడి రావాల్సిన పని లేదు."

"అడిగితే నేను చేసినానని చెప్తాను."

"ఎవరడుగుతారమ్మా?" అన్నాడు అతను. కోపంగా కాదు. దయగానే అన్నాడు. కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ దయ భాగ్యానికి చెంప మీద తగిలినట్టయింది. కాసేపు వైరు ఎక్కడిదాకా లాగిందో గుర్తు రాలేదు. మళ్ళీ కింద కూర్చుని, చాప కింద చెయ్యి పెట్టి తడుముకుంది.

"వదినె," అన్నాడు ఉదయకుమార్ పక్కన గొంతుకూర్చుని. "మొండితనం వద్దు. నేను చెడ్డకు చెప్తానా? రేపు తాంబూలం నేను తీసుకున్నానంటే, పెద్ద బండ్లన్నీ మళ్ళీ అన్న అంగడికే వస్తాయి. మనకే గదా మంచిది."

"మనకంటే ఎవరికి?"

"ఇంటికి."

"బోర్డు మీద ఎవరి పేరు ఉంటుంది?"

"ఊరు ఏ పేరు చెప్తే ఆ పేరు. మనం రాసేదా?"

"టార్చి సరిగా పట్టుకో. నా కంట్లోకి కొడతా ఉండావు."

అతను టార్చి సరిగా పట్టుకున్నాడు. పని తెలిసినవాడే. ఏ బోల్టుకు ఏ స్పానరు కావాలో ఆమె చెయ్యి చాపకముందే అందించాడు. అన్న దగ్గర ఇద్దరూ ఒకే బెంచీ మీద నేర్చుకున్నారు. ఆమె స్విచ్చిని రేకుకు బిగించింది. వైరుకు రబ్బరు గొట్టం తొడిగింది. డిక్కీ కింద నెంబరు పలక పక్కన గుండ్రటి తెల్లగాజు లైటు పెట్టి బోల్టులు తిప్పింది.

"ఫస్టు వెయ్యి," అంది, బండి వెనక నిలబడి.

అతను సీట్లో కూర్చుని ఫస్టు వేశాడు. లైటు వెలిగింది.

ఉదయకుమార్ పగలబడి నవ్వాడు. "బాగుంది వదినె! ముందుకు పోయేటప్పుడు వెనక చూపిస్తుంది! ముదలాళికి పనికొచ్చే లైటే."

ఆమెకూ నవ్వొచ్చింది. వచ్చి బానెట్టులో తల దూర్చింది. బండి ముసలిది, ఇనుప చేతులు అరిగి ఆడుతున్నాయి. ఫస్టు వేసినా ఆ రెండో చెయ్యి ఊగి స్విచ్చిని తాకుతోంది. బోల్టులు వదులు చేసి, రేకును పొడుగు రంధ్రాల్లో గోరంత వెనక్కి జరిపి బిగించింది. ఇప్పుడు రివర్సు వేసినా వెలగలేదు. మళ్ళీ వదులు చేసింది, సగం గోరు ముందుకు. బిగించేటప్పుడు స్పానరుతో పాటు రేకు కూడా జరుగుతోంది. ఎడమ బొటనవేలు అడ్డం పెట్టి, వేలు నొప్పెట్టేదాకా నొక్కి పట్టుకుని బిగించింది.

"ఇప్పుడు అన్నీ వెయ్యి. ఒకటొకటిగా."

ఫస్టు. సెకండు. థర్డు. టాపు. వెనక చీకటిగానే ఉంది. రివర్సు. గుండ్రటి తెల్ల వెలుగు ఆమె పాదాల మీద పడింది. చెప్పులు లేని పాదాలు, గ్రీసు మరకలు, కాలివేలికి ఎప్పుడో తీసేసిన మెట్టె చోట పాలిపోయిన గీత. అంతా స్పష్టంగా కనిపించింది.

ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

*

ఆ సాయంత్రం సౌందరరాజన్ బండి తీసుకుపోవడానికి వస్తే భాగ్యం కూడా ఎక్కింది. "అమ్మకు చూపించి ఇవ్వాల అన్నా," అంది. అతను కాదనలేదు.

ముదలాళి ఇంటి ముందర పందిలి పడింది. గేటుకు రెండు వైపులా గెలలతో అరటి చెట్లు కట్టారు. గేటు దాటాక వాకిలి పొడుగ్గా, ఇరుకుగా లోపలికి పోతుంది. ఇరువైపులా పందిలి గుంజలు పాతాక మధ్యలో ఒక బండి దారి మిగిలింది. చివర ఇంటి మెట్ల ముందు మాత్రం కొంచెం వెడల్పు, బండి తిప్పుకునేంత. సౌందరరాజన్ ఆ మెట్ల దాకా పోయి ఆపాడు.

ధనం కర్ర ఊతంతో దిగి వచ్చింది. "చూపించు," అంది.

అతను రివర్సు వేశాడు. వెలుగు వాకిలి పొడుగునా పాకి గేటు దాకా పోయింది. ధనం నడిచి వెళ్ళి సరిగ్గా బండి వెనక, పోయిన ఏడు నిలబడ్డట్టే నిలబడింది. వెలుగు ఆవిడ నేత చీర అంచు మీద, కర్ర మీద పడింది. నీడ గేటు మీదికెక్కి ఇంటికన్నా పొడుగ్గా సాగింది.

"ఇప్పుడు తెలుస్తుంది గదా, బండి వస్తా ఉండాదని," అంది.

"తెలుస్తుందమ్మా. పక్కకి జరిగిపోవచ్చు."

"జరిగిపోయేదేనా ఎప్పుడూ?" అంది ధనం.

మెట్ల మీదినుంచి కోడలు, హరికృష్ణన్ భార్య గాయత్రి పిలిచింది. చేతిలో పువ్వుల బుట్ట ఉంది. "భాగ్యం, వచ్చినావా? పెరటివైపు పోయి కాఫీ తాగు. రేపు నీకు అంగడి ఉంటుంది గదా, తెల్లారి చలిలో రావద్దు. ఉదయన్ వస్తానన్నాడు."

"వస్తానక్కా," అంది భాగ్యం.

వెళ్ళొస్తానన్నదో, రేపు వస్తానన్నదో గాయత్రికి అర్థం కాలేదు. ఒక్క క్షణం చూసి లోపలికి పోయింది.

సౌందరరాజన్ మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడు. "తిప్పి పెట్టేదా అమ్మా? తెల్లారి తిప్పేదానికి చోటు ఉండదు. బండ్లన్నీ వచ్చేస్తాయి."

"అట్లే ఉండనీ. రెండు రోజులుగా తిరుగుతా ఉండావు. ఇంటికి పో."

"బండి ముక్కు ఇంటివైపుకే ఉండాది గదమ్మా..."

"ఇంటికి పో సౌందరం."

భాగ్యం ఆవిడ వైపు చూసింది. ధనం ఆమె వైపు చూడలేదు. కర్ర కొసతో మట్టిలో రాలిన అరటి పువ్వు రేకను పక్కకు నెడుతూ ఉంది.

*

శుక్రవారం ఇంకా తెల్లవారలేదు. భాగ్యం తల దువ్వుకుని, పెట్టెలో మడతలు విరగని నీలం చీర కట్టుకుని, మోపెడ్ మీద వచ్చింది. గేటు బయటే బండి పెట్టి లోపలికి నడిచింది.

ముందురోజు ఖాళీగా ఉన్న మెట్ల ముందరి చోటంతా రాత్రి అంబాసిడర్‌ను చుట్టుకుని లోపలికి వచ్చిన కార్లతో నిండిపోయింది; వాటికి చోటివ్వడానికి దాన్ని కాస్త వెనక్కి, గుంజల మధ్యకు తోశారు. అంబాసిడర్ వెనక, గేటు వైపు, దారి ఒక్కటే ఖాళీగా ఉంది. బండికి గంధం, కుంకుమ, బానెట్టు నిండా మల్లెలు. ముత్తైదువులు ఎప్పటిలాగే ముక్కు దగ్గర, మెట్ల కింద హారతి పళ్ళేలతో నిలబడ్డారు. ఉదయకుమార్ కొత్త పంచెలో వాళ్ళ పక్కనే ఉన్నాడు. భాగ్యాన్ని చూసి తల వంచుకున్నాడు. అప్పుడే గాయత్రి తాంబూలం పళ్ళెం అతని చేతుల్లో పెట్టింది. చూసేవాళ్ళందరూ చూశారు.

భాగ్యమూ చూసింది. అయినా వెనక్కి తిరగలేదు.

హరికృష్ణన్ ఆమెను చూశాడు. పిలవలేదు, పొమ్మనలేదు. కళ్ళతోనే బండి వెనక్కి చూపించాడు. అక్కడ ధనం, ఇంకో ఇద్దరు ముసలమ్మలు, గేటుకు దగ్గరగా నిలబడి ఉన్నారు. బండి వెళ్ళాక వాళ్ళు మిల్లు వ్యానులో మండపానికి రావాలి. భాగ్యం వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడింది.

శివరంజని దిగివచ్చి బండెక్కింది. హారతి తిప్పారు. సౌందరరాజన్ సీట్లో కూర్చుని, స్టీరింగు మీద చెయ్యి పెట్టి, ముందుకు చూసి అట్లే ఉండిపోయాడు. ముందర ఆడవాళ్ళు, ఆడవాళ్ళ వెనక కార్లు, కార్ల వెనక ఇల్లు.

"ఏమప్పా, కదలవేం?" అన్నారెవరో.

"ఎక్కడికి కదిలేది? ఇంట్లోకా?" అన్నాడు సౌందరరాజన్.

అప్పుడు చూశారు అందరూ. 

"ఎవరు ఇట్ల పెట్టింది బండి?" హరికృష్ణన్ గొంతు మొదటిసారి పెరిగింది. "తిప్పు. ఆ కార్లు తియ్యండి."

"కార్లు తియ్యాలంటే ముందు ఈ బండి పోవాల గదండీ," అన్నాడు ఒక డ్రైవరు. "దీని వెనకాలే గదా దారి?"

అయ్యవారు మంచి గడియ దాటిపోతోందని మెట్ల మీదినుంచి అరిచాడు. 

"వెనక్కే పోనీ," అంది ధనం, గేటు దగ్గరినుంచి.

"మంగళ కార్యానికి వెనక్కి పోయే బండి ఎక్కడైనా ఉండాదా అమ్మా?" అన్నాడు హరికృష్ణన్.

"వెనకాల ఇప్పుడు లైటు ఉండాది గదరా," అంది ధనం. "ఇంక ఏం భయం?"

హరికృష్ణన్ బండి మీదుగా వెనక్కి చూశాడు. వెనక్కి పోయిందంటే పెండ్లికూతురికి మొట్టమొదట ఎదురయ్యేది ఎవరో అప్పుడు తట్టింది అతనికి. "అమ్మా, నువ్వు కొంచెం... మీరంతా ఇటు ముందరికి వచ్చేయండి," అన్నాడు. 

"మమ్మల్ని ఇక్కడ నిలబెట్టింది మీరే గదా. మేము నిలబడినాము. ఇంక జరిగేది లేదు," అంది ధనం.

శివరంజని కిటికీలోంచి తల బయట పెట్టింది. జడ నిండా పువ్వుల బరువుతో మెడ తిప్పలేక మొత్తం మనిషే తిరిగింది. "నాయనా, పోనీ! అవ్వ ముఖం చూస్తే నాకేమవుతుంది? పుట్టినప్పటినుంచి ఆ ముఖమే గదా చూస్తా ఉండాను. ఉక్కపోస్తా ఉండాది ఈడ!"

ఎవరో నవ్వారు. ఎవరో ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నారు.

"ఉదయా, వెనక్కి పోయి సైగ చెయ్యి," అన్నాడు హరికృష్ణన్.

ఉదయకుమార్ పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ చూశాడు. బండికి రెండు వైపులా పందిలి గుంజలు, గుంజలకు పువ్వుల తెరలు. పళ్ళెంతో మనిషి దూరే సందు లేదు. పళ్ళెం కింద పెడదామంటే తాంబూలం నేల మీద పెట్టకూడదు. 

"నేను చూసుకుంటానన్నా, రానీ!" అంది భాగ్యం.

ఆమె చెయ్యి పైకి లేచింది. సౌందరరాజన్ అద్దంలో ఆ చెయ్యి చూశాడు. ఒకసారి ముదలాళి వైపు చూశాడు. గేరు కడ్డీ లాగాడు.

తెల్ల వెలుగు వచ్చి వాళ్ళ నలుగురి ముఖాల మీద పడింది.

"రానీ... రానీ... కుడికి కొంచెం. చాలు. రానీ." ఆమె ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ, వేళ్ళతో గాలిని తనవైపు లాక్కుంటూ నడిచింది. ధనం మధ్యలోంచి జరగలేదు. ఆవిడ కూడా ముఖం బండి వైపే పెట్టుకుని, కర్ర వెనక్కి ఆనించి ఆనించి, బండి ఎంత వేగంగా రావాలో తానే చెబుతున్నట్టు నడిచింది. మోకాలు వంగని మనిషి నడకకు పెండ్లి బండి ఆగి ఆగి వచ్చింది. ముసలమ్మలు ఇద్దరూ అటొకరు ఇటొకరు. ముక్కు దగ్గర నిలబడ్డ వాళ్ళకు బండి దూరమవుతూ వచ్చింది. హారతి పళ్ళేలూ, తాంబూలం పళ్ళెమూ వాకిలి చివర ఉండిపోయాయి.

గేటు దాటగానే భాగ్యం రెండో చెయ్యి రోడ్డు మీదికి చాపింది. తళవాయిపురం మొదటి బస్సు వస్తోంది, బ్రేకు వేసి ఆగింది. దాని వెనక పాలవాడి బండి ఆగింది. షిఫ్టుకు పోతున్న మిల్లు ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకుని నిలబడి చూశారు. నల్ల బండి నెమ్మదిగా తోక తిప్పి రోడ్డెక్కింది. లైటు ఆరింది. సౌందరరాజన్ ముందుకు గేరు వేశాడు. శివరంజని కిటికీలోంచి అవ్వకు చెయ్యి ఊపింది. బండి మండపం దారి పట్టింది.

వాకిట్లోని జనం గేటు దాకా తోసుకుని వచ్చారు. ఇంకో మిల్లు ముదలాళి ఒకాయన, నెరిసిన మీసాలవాడు, ఉదయకుమార్ చేతిలోని పళ్ళెం చూసి అన్నాడు. "లైటు బాగా పడతా ఉండాదప్పా. మా ఇంట్లో కూడా ఒక పాత ఫియట్ ఉండాది. నువ్వేనా వేసింది?"

ఉదయకుమార్ నోరు తెరిచాడు.

"నేను వేసినానయ్యా," అంది భాగ్యం, రోడ్డు నడుమనుంచి, బస్సువాళ్ళకు కూడా వినబడేట్టు. "భాగ్యం. అంగడి సత్రపట్టి రోడ్డులో ఉండాది."

ఆయన ఆమెనూ, పళ్ళేన్నీ, మళ్ళీ ఆమెనూ చూశాడు.

"టార్చి నేను పట్టుకున్నాను," అన్నాడు ఉదయకుమార్, ఎవరూ అడగకపోయినా.

అంతలో లోపల కార్లన్నీ ఒకటొకటిగా స్టార్టయ్యాయి. తిప్పుకునే చోటు ఏ ఒక్కదానికీ లేదు. అన్నీ వెనక్కే రావాలి. మొదటిది హరికృష్ణన్ కారు. అతనే నడుపుతున్నాడు, పక్కన ఎవరూ లేరు, వెనక సీట్లో గాయత్రి ఉంది. పెండ్లికూతురు చేరేలోపు తల్లీతండ్రీ మండపంలో ఉండాలి. కారు కీచు కీచుమంటూ గేటు దాకా వచ్చింది.

భాగ్యం దాని వెనక నిలబడి ఉంది. అరచెయ్యి నిలువుగా పెట్టింది.

కారు ఆగింది. హారన్ కొట్టాడు. ఆమె చెయ్యి దించలేదు. ఇంకోసారి కొట్టాడు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. 

అతను అద్దం దించి తల బయట పెట్టాడు. "ఏమ్మా? దారి లేదా?"

"దారి ఉండాదయ్యా. అమ్మ ఎక్కలేదు."

"అమ్మ తర్వాత వ్యానులో..."

భాగ్యం చెయ్యి అట్లే ఉంది. బొటనవేలు నిన్నటి నొక్కుడుకు ఇంకా నల్లగా కమిలి ఉంది. 

పక్క సీటు తలుపు తెరుచుకుంది.

ధనం తొందరపడలేదు. ముసలమ్మలిద్దరినీ గాయత్రి పక్కన ఎక్కించింది. తాను ముందు సీట్లో కూర్చుని, బయట ఉండిపోయిన కాలిని రెండు చేతులా ఎత్తి లోపల పెట్టుకుంది. తలుపు వేసుకుంది.

అప్పుడు భాగ్యం చేతిని తిప్పి, వేళ్ళు తనవైపు ఊపింది.

"రానీ," అంది.